కడగకుండా మిగిలిపోయిన పాత రీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువా సర్దుతుంటేనో, పాత ఇల్లు ఖాళీ చేస్తుంటేనో, తాతగారి కెమెరా తీసి చూస్తేనో బయటపడే, ఇంకా కడగని (అంటే రసాయనాల్లో వేసి బొమ్మ తెప్పించని) ఫోటో రీళ్ల గురించి పదే పదే వచ్చే ప్రశ్నలివి. ముందుగా ఒక్క మాట. ముప్పై ఏళ్లు ఆగిన రీలు ఇంకో రెండు నెలలు ఆగితే కొత్తగా పోయేదేమీ ఉండదు. దొరికిన మొదటి గంటలో, ఆత్రం కొద్దీ మనం చేసే పనుల వల్లే ఎక్కువ బొమ్మలు పోతాయి. కాబట్టి కనీసం మొదటి నాలుగు ప్రశ్నలు చదివాకే రీలు మీద చెయ్యి వేయండి.

ఇన్నేళ్ల తర్వాత కడిగితే అసలు బొమ్మలు వస్తాయా?

రావచ్చు. ఎంత బాగా వస్తాయన్నది రీలు వయసు కంటే అది గడిపిన చోటు మీద ఎక్కువ ఆధారపడుతుంది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ఆంద్రే బృందానిది. 1897లో స్వీడన్‌కు చెందిన ఆంద్రే, మరో ఇద్దరితో కలిసి బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరాడు. మూడు రోజులకే బెలూన్ మంచు మీద దిగిపోయింది. ముగ్గురూ నెలల తరబడి నడిచి క్విటోయా అనే దీవి చేరి అక్కడే చనిపోయారు. 33 ఏళ్ల తర్వాత, 1930లో, వాళ్ల శరీరాలతో పాటు నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిల్ములు కూడా దొరికాయి. స్టాక్‌హోంలో జాన్ హెర్ట్స్‌బెర్గ్ అనే ఫోటోగ్రఫీ నిపుణుడు వాటిని చాలా ఓపికగా కడిగితే 240 ఫ్రేముల్లో 93 దక్కాయి. మంచు మీద కూలిన బెలూన్, దాని పక్కన నిలబడ్డ మనుషులు ఈరోజుకీ మనకు కనిపిస్తున్నారంటే కారణం ఆ ఓపికే.

అయితే ఆ ఫిల్ములు గడిపింది ఆర్కిటిక్ చలిలో. మన రీళ్లు గడిపేది రేకు ట్రంకు పెట్టెలో, రెంటచింతల ఎండలోనో కాకినాడ ఉక్కలోనో. ఈ తేడా చిన్నది కాదు.

లోపల జరిగేది ఇది. వెలుతురు పడ్డ చోట ఫిల్ములోని వెండి లవణపు రేణువు మీద కొన్నే కొన్ని వెండి అణువులు గుంపుగా ఏర్పడతాయి. కంటికి కనపడని బొమ్మ అదే. కడిగేటప్పుడు వాడే మందు, డెవలపర్, ఆ గుంపును గుర్తుపట్టి, రేణువు మొత్తాన్ని వెండిగా మారుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలి, తేమ, వేడి కలిసి ఆ కొద్ది అణువులనూ చెదరగొడతాయి, బొమ్మ బలహీనపడుతుంది. ఇంకోవైపు, వెలుతురు పడని రేణువులు కూడా వేడికీ సహజ రేడియేషన్‌కీ వాటంతట అవే పాడై, కడిగినప్పుడు నల్లబడతాయి. దీన్నే ఫాగ్ అంటాం. బొమ్మ తగ్గుతూ ఫాగ్ పెరుగుతూ రెండూ కలిసిపోయే దశకు రాకముందే కడగగలిగితే ఏదో ఒకటి వస్తుంది.

నా అంచనా అడిగితే: బ్లాక్ అండ్ వైట్ రీలు, యాభై ఏళ్లదైనా సరే, ఆశ పెట్టుకోవచ్చు. 1990ల, 2000ల నాటి కలర్ రీలులో బొమ్మ సాధారణంగా ఉంటుంది, రంగులు మాత్రం నమ్మలేం. 1970ల కలర్ రీలులో రంగుల మీద ఆశ వదులుకోండి, మొహాలు కనిపిస్తే చాలనుకోండి.

రీలు దొరికింది. మొదట ఏం చేయాలి?

తెరవకండి, లాగి చూడకండి, వెలుతురులో పెట్టి ‘ఏమన్నా కనిపిస్తుందా’ అని చూడకండి. కడగని ఫిల్ములో కంటికి ఏమీ కనిపించదు, చూసినంత మేరా పోతుంది.

నల్ల కాగితంతో కలిపి చుట్టిన 120 సైజు రీలు వదులుగా ఉంటే గట్టిగా బిగించి తిప్పకండి, గీతలు పడతాయి. ఉన్నది ఉన్నట్టుగా రబ్బరు బ్యాండు వేసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి. డబ్బా మీద, కాగితం మీద ఉన్న రాతలన్నీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ఎక్కడ దొరికింది, ఏ కెమెరాలో ఉంది, ఇంట్లో పెద్దవాళ్లకు ఏమన్నా గుర్తుందా అన్నది ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. ‘అది మీ అత్తయ్య పెళ్లిది అయ్యుంటుంది’ అని అమ్మమ్మ అన్న మాట కూడా పనికొచ్చే సమాచారమే. ఏ దశాబ్దమో తెలిస్తే ఏ రసాయనమో తేలుతుంది.

తర్వాత జిప్ కవర్లో, ఒక సిలికా జెల్ పొట్లంతో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కడిగే రోజున బయటకు తీసి, కవరు విప్పకుండా కొన్ని గంటలు అలాగే వదిలేయండి. చల్లటి ఫిల్మును వెంటనే విప్పితే గాలిలోని తేమ దాని మీద నీరుగా చేరుతుంది. కలరా ఉండలు, కర్పూరం, పెయింటు డబ్బాల లాంటి ఘాటైన వాసన వచ్చేవాటికి దూరంగా ఉంచండి.

కెమెరాలో రీలు ఉందో లేదో తెరవకుండా ఎలా తెలుస్తుంది?

35 ఎం.ఎం. కెమెరాలో ఎడమవైపు పైన రివైండ్ పిడి ఉంటుంది. దాన్ని బాణం గుర్తు ఉన్న దిశలో చాలా నెమ్మదిగా తిప్పండి. వదులుగా తిరుగుతూనే ఉంటే రీలు లేదు. కాస్త తిరిగి బిగిస్తే రీలు ఉంది. ఉంటే, అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, చీకటి గదిలో నెమ్మదిగా రివైండ్ చేయండి. పాత ఫిల్ము పెళుసెక్కి ఉంటుంది కాబట్టి వేగం వద్దు. మధ్యలో పట్టేస్తే బలవంతం చేయకుండా ఆపేసి, కెమెరాతో సహా తెలిసినవాళ్లకు ఇవ్వండి.

అగ్ఫా క్లిక్-3, ఐసోలీ లాంటి పెట్టె కెమెరాలకు వెనక చిన్న ఎర్ర అద్దం ఉంటుంది. అందులో అంకె కనిపిస్తే రీలు ఉన్నట్టే. తక్కువ వెలుతురులో, పిడి తిప్పుతూ ఆఖరి అంకె దాటించి, కాగితం చివర కూడా చుట్టుకునేదాకా తిప్పండి. ఆ తర్వాతే తెరవాలి.

అయ్యో, ఇప్పటికే తెరిచేశాం. అంతా పోయినట్టేనా?

కాదు. వెంటనే మూసేసి ఉంటే పై చుట్లు పోతాయి, లోపలి చుట్లు చాలావరకు మిగులుతాయి. 120 రీలుకైతే వెనక నల్ల కాగితం కాపలా ఉంటుంది, అంచుల్లోంచి పాకిన వెలుతురే నష్టం చేస్తుంది. తెరిచారని చెత్తలో వేయకండి, కడిగించండి.

రీలు వాడిందా, కొత్తదా?

35 ఎం.ఎం. డబ్బాలోంచి ఫిల్ము నాలుక బయటికి ఉంటే చాలావరకు కొత్తది, లోపలికి వెళ్లిపోయి ఉంటే వాడింది. ఇది ఖాయమైన సూత్రం కాదు. కొంతమంది ఫోటోగ్రాఫర్లు రివైండ్ చేశాక కూడా నాలుక బయటే ఉంచేవారు. 120 రీలు వాడాక చుట్టే పట్టీ మీద ‘ఎక్స్‌పోజ్డ్’ అని ఉంటుంది. 1996 తర్వాత వచ్చిన ఏపీఎస్ అనే రకం రీలు డబ్బా అయితే అడుగున నాలుగు గుర్తులుంటాయి: గుండ్రం అంటే కొత్తది, అర్ధచంద్రం అంటే సగం వాడింది, ఇంటూ గుర్తు అంటే మొత్తం వాడేసింది కానీ కడగనిది, దీర్ఘచతురస్రం అంటే కడిగేసింది.

ఏ రకం ఫిల్మో ఎలా గుర్తుపట్టాలి? అంత ముఖ్యమా?

అన్నిటికంటే ముఖ్యం ఇదే. తప్పు రసాయనంలో పడితే ఫిల్ము పూత కరిగి నీళ్లలో కలిసిపోయే అవకాశం కూడా ఉంది.

డబ్బా మీద ‘ప్రాసెస్ సి-41’ అని ఉంటే అది మనందరికీ తెలిసిన కలర్ నెగటివ్. 1972లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. కేబీ-10 లాంటి కెమెరాల్లో వేసిన కొడాక్, కోనికా, ఫ్యూజీ రీళ్లన్నీ దాదాపుగా ఇవే.

‘సి-22’ అని ఉంటే ఆగండి. అది సి-41కి ముందు తరం, కొడాకలర్-ఎక్స్ లాంటివి. దాన్ని 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కడిగేవారు. సి-41 డెవలపర్ నడిచేది 37.8 డిగ్రీల దగ్గర. ఆ వేడికి సి-22 పూత తట్టుకోదు. ల్యాబులో పొరపాటున సి-41 మిషన్‌లో వేస్తే మీ రీలు పోవడమే కాక, వాళ్ల మిషన్ కూడా పాడవుతుంది. స్లైడ్ రీళ్లలో (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మనే ఇచ్చేవాటిలో) కూడా ఇలాంటి గొడవే ఉంది. ‘ఇ-6’ ఇప్పటికీ దొరికే పద్ధతి, దాని ముందుదైన ‘ఇ-4’ అలా కాదు. తూర్పు జర్మనీ నుంచి మన మార్కెట్లోకి వచ్చిన ఆర్వో కంపెనీ 1970ల కలర్ రీళ్లకు వాటి సొంత రసాయనాలు ఉండేవి. వాటినీ సి-41లో వేయకూడదు.

బ్లాక్ అండ్ వైట్ రీళ్లతో ఇంత గొడవ లేదు. ఊటీలో 1960లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో రీళ్లు తయారుచేసేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు కానీ, ఇందు రీళ్లు పాత స్టూడియోల సొరుగుల్లో ఉంటాయి. వాటిని మామూలు బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో కడగొచ్చు. కొడాక్ వాళ్ల వెరిక్రోమ్ పాన్ దొరికితే అదృష్టమే. 1956లో వచ్చిన ఆ ఫిల్ముకు దశాబ్దాల తర్వాత కూడా బొమ్మ నిలుపుకుంటుందని మంచి పేరుంది.

డబ్బా మీద రాతలు చెరిగిపోయి, ఏమీ తేలకపోతే? బ్లాక్ అండ్ వైట్‌గా కడగండి.

కలర్ రీలును బ్లాక్ అండ్ వైట్‌లో కడగడమేంటి?

కలర్ ఫిల్ములో కూడా మొదట వెలుతురును పట్టుకునేది వెండే. రంగు తర్వాత వస్తుంది: డెవలపర్ వెండిని తయారుచేసేటప్పుడు పక్కనే రంగు పుడుతుంది, ఆపైన బ్లీచ్ ఆ వెండిని తీసేసి రంగును మాత్రం మిగులుస్తుంది. రంగు పుట్టించే రసాయనాలు పాతబడి చచ్చిపోయినా వెండి బొమ్మ మిగిలి ఉండొచ్చు. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో ఆ వెండినే పట్టుకుంటాం. 20 డిగ్రీల దగ్గరే పని జరుగుతుంది కాబట్టి మెత్తటి పాత పూతకు ప్రమాదం తక్కువ.

ఇందులో ఒక నష్టం ఉంది. కలర్ నెగటివ్‌కు ఉండే నారింజ రంగు అడుగు, మధ్యలో ఉండే పసుపు ఫిల్టరు పొర అలాగే మిగిలిపోతాయి. నెగటివ్ మురికి గోధుమ రంగులో, చిక్కగా కనిపిస్తుంది. భయపడక్కర్లేదు, స్కానర్ దాన్ని దాటి చూడగలదు.

ఎక్కడ గీత గీయాలి? నేనైతే 1990 తర్వాతి సి-41 రీలును, మరీ ఎండలో ఉండకపోతే, రంగుల్లోనే కడిగిస్తాను. 1980ల రీలుకు ఆలోచిస్తాను. ఒకే సందర్భానివి రెండు మూడు రీళ్లు ఉంటే తక్కువ ముఖ్యమైనదాన్ని రంగుల్లో కడిగించి చూసి, మిగతావాటి సంగతి అప్పుడు తేల్చుకుంటాను. అంతకు ముందువైతే నేరుగా బ్లాక్ అండ్ వైట్. పాత స్లైడ్ రీలుకు కూడా ఇదే మంచిది. స్లైడ్‌గా కడిగితే ఫాగ్ వల్ల బొమ్మ వెలిసిపోయి పలచగా వస్తుంది.

మా పెదనాన్న అమెరికా నుంచి పంపిన కొడాక్రోమ్ రీలు ఉంది. దాన్ని రంగుల్లో కడిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లేరు. కొడాక్ వాళ్ల స్లైడ్ ఫిల్ము కొడాక్రోమ్ 1935లో వచ్చింది. మిగతా కలర్ ఫిల్ముల్లా దాని లోపల రంగు పుట్టించే పదార్థాలు ఉండవు, కడిగేటప్పుడు ఒక్కో పొరకు విడివిడిగా రంగు ఎక్కించాలి. కె-14 అనే ఆ పద్ధతికి పెద్ద మిషన్, దాన్ని కనిపెట్టుకుని ఉండే రసాయన నిపుణుడు కావాలి. కొడాక్ 2009లో ఆ ఫిల్ము ఆపేసింది. ప్రపంచంలో ఆఖరుగా దాన్ని కడిగింది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, పార్సన్స్ అనే చిన్న ఊళ్లోని డ్వేన్స్ ఫోటో. 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం ఆపేసి, చేతిలో ఉన్నవి 2011 జనవరిలో ముగించింది.

బ్లాక్ అండ్ వైట్‌గా మాత్రం కడగొచ్చు. వెనక రెమ్‌జెట్ అనే నల్లటి మసి పూత ఉంటుంది, దాన్ని బొరాక్స్ లాంటి తేలికపాటి క్షార ద్రావణంలో నానబెట్టి, నీళ్ల కింద స్పాంజితో తుడవాలి. ఆ పూత ఉన్న ఫిల్మును చెప్పకుండా మామూలు ల్యాబుకు ఇవ్వకండి. వాళ్ల ట్యాంకుల్లో మసి కలిసి మిగతావాళ్ల ఫోటోలు కూడా పాడవుతాయి.

ల్యాబులో ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

‘ఇది పాతది, మిషన్‌లో వేయొద్దు, చేత్తో కడగండి’ అని. మినీల్యాబ్ మిషన్ ఫిల్మును రోలర్ల మధ్య లాగుతుంది. పెళుసెక్కిన ఫిల్ము అక్కడే తెగుతుంది. చేత్తో కడిగే పద్ధతి లేదని చెబితే వేరే చోట చూసుకోండి, అలా నిజం చెప్పిన ల్యాబును మెచ్చుకోండి కూడా.

నిజంగా విలువైన రీలు అయితే, అంటే ఇంట్లో ఒక మనిషిది ఇంకే ఫోటో లేకపోతే, ఇదే పనిగా చేసే సంస్థలకు పంపడం మేలు. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలోని ఫిల్మ్ రెస్క్యూ ఇంటర్నేషనల్ అలాంటిదే. వాళ్లు ఒకే రకం రీళ్లు పోగయ్యాక బ్యాచ్‌లుగా కడుగుతారు కాబట్టి ఎదురుచూపు తప్పదు.

పాత ఫిల్ముకు ‘పదేళ్లకు ఒక స్టాప్’ అని చదివాను. అంటే ఎక్కువసేపు కడగాలా?

ఒక స్టాప్ అంటే ఫోటో తీసేటప్పుడు రెట్టింపు వెలుతురు ఇవ్వడం. ఆ లెక్క డేటు దాటిన ఫిల్ముతో ఈరోజు కొత్తగా ఫోటోలు తీసేవాళ్లకు. మీ రీలులో ఫోటో ఎప్పుడో తీసేశారు, ఇప్పుడు ఎక్స్‌పోజర్ పెంచలేరు. కడిగే సమయం రెట్టింపు చేస్తే బొమ్మతో పాటు ఫాగ్ కూడా అంతే పెరుగుతుంది, రెండింటి మధ్య తేడా పెద్దగా పెరగదు. బ్లాక్ అండ్ వైట్‌లో కొంచెం ఎక్కువ సమయం ఇవ్వడం వేరు, దాన్ని మూడింతలు చేయడం వేరు.

ఇంట్లోనే కడగాలనుకుంటున్నాను. ఏ డెవలపర్?

ఎన్నో అభిప్రాయాలున్నాయి. ఎక్కువమంది నమ్మేది కొడాక్ హెచ్‌సి-110. అది ఫాగ్‌ను తక్కువగా పెంచుతుంది. ఒక వంతు మందుకు 31 వంతుల నీళ్లు కలిపే ‘డైల్యూషన్ బి’తో మొదలుపెట్టండి. 1920ల నుంచి వాడుకలో ఉన్న డి-76 మంచి డెవలపరే, కొత్త ఫిల్ముకు నేనూ అదే వాడతాను. పాత ఫిల్ముకు మాత్రం ఫాగ్ ఎక్కువ చూపిస్తుంది.

ఫాగ్‌ను అదుపు చేయడానికి బెంజోట్రయజోల్ అనే మందు కలపొచ్చు. ఒక శాతం ద్రావణం తయారుచేసుకుని, లీటరు డెవలపర్‌కు 10 మి.లీ.తో మొదలుపెట్టండి. అది చన్నీళ్లలో సులువుగా కరగదు, వేడి నీళ్లు వాడండి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఇది ఎక్కువైతే ఫాగ్‌తో పాటు బలహీనమైన బొమ్మను కూడా నొక్కేస్తుంది. అందుకే ముందు ముక్క పరీక్ష చేయాలి.

ముక్క పరీక్ష అంటే: చీకట్లో, రీలు చివర్నుంచి రెండు అంగుళాలు కత్తిరించి, దాన్నొక్కదాన్నే కడిగి చూడటం. అవును, ఒక ఫ్రేము పోవచ్చు. మిగతా పదకొండుకు అది కట్టే మూల్యం. కొంతమందికి కత్తిరించడానికి మనసొప్పదు. అర్థం చేసుకోగలను. అయినా కత్తిరించమనే అంటాను, ఎందుకంటే రీలు మొత్తానికి రెండో అవకాశం ఉండదు. ముక్క బాగా నల్లగా వస్తే సమయం తగ్గించండి లేదా బెంజోట్రయజోల్ పెంచండి. మరీ పలచగా వస్తే సమయం పెంచండి. కడిగే ట్యాంకులో (వెలుతురు చొరని డబ్బాలో) ఐదు నిమిషాల కంటే తక్కువ సమయం పెడితే డెవలపర్ సమంగా పట్టక మరకలు వస్తాయి, ఆ పరిస్థితి వస్తే మందును ఇంకా పలచన చేయండి.

ఎర్ర లైటు వేసుకుని చూస్తూ కడగొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఎర్ర వెలుతురును పట్టుకోని చాలా పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములకు కుదురుతుంది. అన్ని రంగుల వెలుతురునూ పట్టుకునే పాంక్రొమాటిక్ వాటికి ఎర్ర లైటు కూడా పగటి వెలుతురే. ఏదో తెలియనప్పుడు పూర్తి చీకటే.

మా ఊళ్లో ఏప్రిల్‌లో కుళాయి నీళ్లే వేడిగా వస్తాయి. ఎలా?

ఏప్రిల్‌లో కడగకండి అనేదే నిజాయతీ గల జవాబు. ఆగలేకపోతే, టబ్బులో నీళ్లు పోసి ఐసు ముక్కలున్న ప్లాస్టిక్ కవరు వేసి, డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ సీసాల్లో అందులోనే నిలబెట్టండి. అన్నీ 20–22 డిగ్రీలకు వచ్చేదాకా ఆగండి. చాలామంది డెవలపర్‌ను చల్లబరిచి, ఆఖర్న కడిగేది మాత్రం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లతో కానిస్తారు. ఆ తేడాకు పాత పూత ఉబ్బి, ముడుచుకుని, బొమ్మంతా పగుళ్లు పడ్డట్టవుతుంది. ఒకసారి పగిలితే సరిచేసే మార్గం లేదు.

గట్టిపరిచే మందు కలిసిన హైపో (ఫిక్సర్) దొరికితే పాత ఫిల్ముకు అదే వాడండి. హైపోలో ఎంతసేపు? ఫిల్ము మీది పాలలాంటి తెలుపు పోవడానికి ఎంత పడుతుందో ఆ ముక్కతోనే చూసుకుని, దానికి రెట్టింపు.

ఫిల్ము ట్యాంకు స్పైరల్‌లోకి ఎక్కట్లేదు, చుట్టుకుపోతోంది.

స్పైరల్ అంటే ట్యాంకు లోపల ఫిల్మును పట్టుకునే గాడుల చక్రం. యాభై ఏళ్లు చుట్టలా ఉన్నది ఒక్కసారిగా సాగదు. చీకట్లో (లేదా నల్ల సంచిలో) ఫిల్మును నెమ్మదిగా విప్పి, పూత బయటి వైపుకు వచ్చేలా వదులుగా తిరగేసి చుట్టి, వెలుతురు చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. మర్నాడు కాస్త మాట వింటుంది. ముందు మూలలు గుండ్రంగా కత్తిరించండి. సంచిలో చేతులు చెమట పడితే ఆపి, డబ్బా మూసి, చేతులు తుడుచుకుని రండి. తడి తగిలితే ప్లాస్టిక్ స్పైరల్ అసలు కదలదు.

ట్యాంకులోకి ఎక్కాక ఐదు నిమిషాలు మంచినీళ్లలో నానబెట్టండి. పారబోస్తే నీలంగానో ఆకుపచ్చగానో రంగు వస్తుంది, అది ఫిల్ములోని అద్దకమే, బొమ్మ కాదు.

120 రీలు నల్ల కాగితం పూతకు అంటుకుపోతే పొడిగా లాగకండి. కాగితంతో సహా నీళ్లలో నానబెట్టి వదిలేలా చేయాలి. కాగితం మీది అంకెలు, చుక్కలు బొమ్మ మీద అచ్చు పడి ఉంటే వాటిని తీయలేం. అవి ఏళ్ల తరబడి సిరా ఫిల్ము మీద చేసిన పని.

వెనిగర్ వాసన వస్తోంది. ప్రమాదమా?

అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లితే వచ్చే వాసన అది. మీకు పెద్ద ప్రమాదం లేదు, పక్కనున్న మిగతా ఫిల్ములకు అంటుకుంటుంది, విడిగా పెట్టండి.

జాగ్రత్త పడాల్సింది నైట్రేట్ అనే, తేలిగ్గా నిప్పంటుకునే పాతకాలపు ఫిల్ముతో. 1950లకు ముందువి, అంచున ‘సేఫ్టీ’ అనే మాట లేనివి, జిగటగా మారి గోధుమ పొడి రాలుతున్నవి అయితే అనుమానించండి. నైట్రేట్ అంటుకుంటే నీళ్లతో ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అంటించి పరీక్షించమని చెప్పేవాళ్లను నమ్మొద్దు. వేడికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టి నిపుణులను అడగండి.

వరదలో తడిసిన రీలు ఉంది. ఎండలో పెట్టాలా?

వద్దు. బియ్యంలోనూ వద్దు. తడిసిన ఫిల్ము ఆరితే పొరలు ఒకదానికొకటి అంటుకుని ఇక విడిపోవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఇళ్లలో ఆల్బంలు, నెగటివ్‌లు నానిపోయాయి. అలాంటప్పుడు కడగని రీళ్లను చల్లటి శుభ్రమైన నీళ్లలోనే, వెలుతురు తగలని డబ్బాలో ఉంచి, వీలైనంత త్వరగా, అదే రోజో మర్నాడో కడిగించాలి. పైన ‘ఆగండి, ఆగండి’ అన్న మాట తడిసిన రీలుకు వర్తించదు.

రీలును అమెరికా తీసుకెళ్లి అక్కడ కడిగిద్దామనుకుంటున్నాం. విమానాశ్రయంలో ఎక్స్‌రే?

చెకిన్ సామానులో ఎప్పుడూ పెట్టకండి, ఆ యంత్రాలు శక్తిమంతమైనవి. చేతి సంచిలో, పారదర్శకమైన కవర్లో పెట్టి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. ఇప్పుడు చాలా చోట్ల వస్తున్న సీటీ స్కానర్లు ఒక్కసారికే కడగని ఫిల్మును పాడుచేయగలవు. ఒప్పుకోకపోవచ్చు కూడా. దాని బదులు దేశంలోనే కడిగించి నెగటివ్‌లు తీసుకెళ్లండి. కడిగాక ఎక్స్‌రే ఏమీ చేయదు.

కడిగితే మొత్తం ఖాళీగా వచ్చింది. మోసం చేశారా?

ముందు అంచులు చూడండి. అంచున కంపెనీ పేరు, అంకెలు కనిపిస్తూ మధ్యలో ఖాళీగా ఉంటే డెవలపర్ పనిచేసింది. ఆ రీలు మీద ఫోటోలే తీయలేదు, లేదా బొమ్మ పూర్తిగా చెదిరిపోయింది. అంచులు కూడా ఖాళీగా ఉంటే కడగడంలోనే లోపం జరిగి ఉండొచ్చు. అంచు నుంచి అంచు దాకా నల్లగా ఉంటే వెలుతురు పడింది లేదా ఫాగ్ మింగేసింది.

‘ఖాళీ’ అని తేల్చేముందు ఇంకో పని చేయండి. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ను నల్ల గుడ్డ మీద పెట్టి, పక్క నుంచి టార్చి వేసి ఏటవాలుగా చూడండి. చాలా పలచని వెండి ఆ కోణంలో తెల్లగా మెరిసి, బొమ్మ పాజిటివ్‌గా కనిపిస్తుంది. ఏమీ లేదనుకున్న నెగటివ్‌లలో మొహాలు అలా దొరుకుతాయి.

స్కాన్ చేయడానికి మెళకువలు?

16 బిట్‌లో, ఆటోమేటిక్ సవరణలన్నీ ఆపేసి స్కాన్ చేయండి. కాంట్రాస్ట్ తర్వాత మీరే పెంచుకోండి. స్కానర్‌లో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం వెండి నెగటివ్‌కు పనికిరాదు. అది వెండినే దుమ్ము అనుకుని బొమ్మను చెరిపేస్తుంది. లైట్ బాక్స్ మీద పెట్టి మంచి కెమెరాతో తీసినా సరిపోతుంది. దుకాణం వాళ్లు ఫోన్‌కు పంపే చిన్న జేపీజీ చూసి ‘ఏమీ రాలేదు’ అనుకోవద్దు.

పాత సామాన్ల బజారులో కొన్న కెమెరాలో వేరేవాళ్ల రీలు ఉంది. ఆ ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

కడగండి, తప్పులేదు. బడి భవనం, షాపు బోర్డు లాంటివి ఉంటే వాటితో ఊరు కనుక్కోవచ్చు. మనుషుల మొహాలు, ముఖ్యంగా పిల్లలవి, ఇంటి లోపలివి పెట్టే ముందు ఆ స్థానంలో మీ అమ్మగారో చెల్లెలో ఉంటే ఏమనుకునేవారో ఆలోచించండి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయినప్పుడు దాదాపు 2,500 రీళ్లు కడగకుండా మిగిలాయి. తర్వాత ఇతరులు కడిగి, ఎంచి, ప్రదర్శిస్తే, తీసినవాడే చూడని ఫోటోలను అతని పనిగా చూపించడం సరైనదేనా అని ఇప్పటికీ వాదన నడుస్తోంది. పేరున్నవాడి విషయంలోనే అంత ఉంటే, పేరు తెలియని ఇంటి ఫోటోల విషయంలో ఇంకాస్త వెనకాడటమే మంచిది.

ఎవరెస్టు మీద మాలరీ కెమెరా దొరికితే ఫోటోలు వస్తాయంటారు, నిజమేనా?

1924లో ఎవరెస్టు ఎక్కుతూ కనుమరుగైన పర్వతారోహకులు మాలరీ, ఇర్విన్ శిఖరం చేరారో లేదో ఆ కెమెరా చెబుతుందని ఆశ. వెస్ట్ పాకెట్ కొడాక్, బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, ఎప్పుడూ గడ్డకట్టే చలి. రసాయనం పరంగా ఆశ ఉంది. మాలరీ శరీరం 1999లో దొరికింది, కెమెరా దొరకలేదు.

కడిగాక పాత డబ్బా, కాగితం పారేయొచ్చా?

ఉంచండి. కాగితం మీద ఎవరైనా పెన్సిల్‌తో ఏదైనా రాశారేమో చూడండి. నెగటివ్‌లను నాలుగైదు ఫ్రేముల చొప్పున కత్తిరించి బటర్ పేపర్ కవర్లలో పెట్టి, మీద ఏ రీలో, ఏ డెవలపర్‌లో ఎంతసేపు కడిగారో రాయండి. అదే పెట్టెలో ఇంకో రీలు దొరికితే ముక్క పరీక్ష అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.